డిజైన్ థింకింగ్‌తో ఓపీ లైన్ తగ్గుతుందా? అసలు పెద్ద సమస్యలకు ఇది పనికొస్తుందా?

ఇరానీచాయ్ | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, తిట్టుకోకుండా చదవండి.

గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో చేస్తున్నాను. పేరు వద్దు. ఈ ఏడాది సీఎస్సార్ (కంపెనీలు సమాజానికి చేసే సాయం) కింద ఒక ప్రభుత్వ ఆస్పత్రికి డిజైన్ థింకింగ్‌తో, అంటే వాడేవాళ్ల ఇబ్బంది చూసి, నమూనాలు చేసి పరిష్కారం వెతికే పద్ధతితో, సాయం చేద్దామని మా పైవాళ్లకు అనిపించింది. ఇరవై నాలుగు మందిమి, రెండు రోజుల వర్క్‌షాప్. మొదటి రోజు పొద్దున రెండు గంటలు ఆస్పత్రిలో, మిగతాదంతా మా ఆఫీసు పదో అంతస్తులో ఏసీ గదిలో. మాకిచ్చిన ప్రశ్న ఒక్కటే: "ఓపీ లైన్ ఎలా తగ్గించాలి?"

మేం వెళ్లేసరికి తొమ్మిదిన్నర. చీటీ రాసే కిటికీ ముందు మనుషుల కంటే వస్తువులే ఎక్కువ ఉన్నాయి. చెప్పుల జతలు, నీళ్ల సీసా, ఎక్స్‌రే కవర్ మీద రాయి. పక్కన చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన్ని "ఎంతసేపటి నుంచి లైన్లో ఉన్నారు?" అని అడిగాను. "నేనెక్కడున్న బిడ్డా, నా చెప్పులున్నయి" అన్నాడు. అందరం నవ్వాం. నేను నోట్ చేసుకున్నాను కూడా, "యూజర్ ఇన్‌సైట్" అని.

తర్వాత తెలిసిందే. అర్థం చేసుకో, సమస్యను నిర్వచించు, ఐడియాలు పుట్టించు, నమూనా చెయ్యి, పరీక్షించు. ఎనిమిది నిమిషాల్లో తలా ఎనిమిది ఐడియాలు. గోడంతా రంగురంగుల స్టిక్కీ నోట్లు. చివరికి మా టీమే గెలిచింది. మా ఐడియా టోకెన్ కియోస్క్ (తెర మీద నొక్కితే టోకెన్ ఇచ్చే మిషన్), దానికో యాప్, పెద్ద స్క్రీన్. తలా ఒక కాఫీ మగ్గు ఇచ్చారు.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే మా ఆవిడ ఒకటే అడిగింది: "ఆ చెప్పులాయనకి ఫోన్ ఉందా?" నేను అడగలేదు.

అప్పటి నుంచి మనసులో తొలుస్తోంది. షాంపూ సీసా మూత, కంప్యూటర్ మౌస్ లాంటివాటికి ఈ పద్ధతి బాగా పనిచేసింది, కాదనను. ఆస్పత్రులు, వరదలు, మంచినీళ్లు లాంటివాటికి నిజంగా పనికొస్తుందా? లేక మాలాంటి వాళ్లకి కాలక్షేపమా? ఈ ఫీల్డుల్లో పనిచేసినవాళ్లు చెప్పండి.

గోళీసోడా | శనివారం, రాత్రి 11:05

2015లో సిటీలో ఇంటింటికీ రెండు బుట్టలిచ్చారు గుర్తుందా? తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది. మా ఇంట్లో ఆకుపచ్చ దాంట్లో ఉల్లిగడ్డలు, నీలం దాంట్లో బియ్యం. చెత్త మాత్రం పాత పెయింట్ డబ్బాలోనే. ఏ డిజైనరూ మా అమ్మ ముందు నిలబడలేడు బ్రదర్.

పోస్టిట్ | శనివారం, రాత్రి 11:48

నేను డిజైన్ చెప్పే మనిషిని. ముందే ఒప్పుకుంటున్నా, ఇలాంటి రెండు రోజుల వర్క్‌షాపులు నేనూ నడిపాను, డబ్బులూ తీసుకున్నాను. కాబట్టి ఇరానీచాయ్ గారూ, మీ మగ్గులో కొంత పాపం నాది కూడా.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. 1991లో అమెరికాలో ఐడియో అనే డిజైన్ కంపెనీ పెట్టారు. 1999లో ఒక టీవీ ఛానల్ వాళ్లకు సవాలు విసిరింది, ఐదు రోజుల్లో సూపర్‌మార్కెట్ తోపుడుబండిని కొత్తగా చేసి చూపించమని. చేశారు. చూడ్డానికి భలే ఉంటుంది. అప్పటి నుంచి ప్రపంచమంతా గోడలకు కాగితాలు అంటించింది. కానీ జనానికి గుర్తుండిపోయింది పద్ధతి కాదు, "ఐదు రోజులు" అన్న మాట. బండికి ఐదు రోజులు చాలితే ఆస్పత్రికి రెండు రోజులు చాలదా అనుకున్నారు.

ఇంతకంటే చాలా ముందే, 1973లో, అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే రిట్టెల్, వెబ్బర్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. ఊళ్లు, పేదరికం, రోడ్లు లాంటి సమస్యలు లెక్కల సమస్యల్లాంటివి కావని, ఇవి మొండి జాతి అని, వీటికి పది లక్షణాలు చెప్పారు. ఎక్కడ ఆపాలో తెలియదు. సమస్యను ఎలా చెబుతామన్నదాన్ని బట్టే జవాబు మారిపోతుంది. అన్నిటికంటే నాకు భయం వేసేది ఆఖరిది: ప్లాన్ వేసేవాడికి తప్పు చేసే హక్కు లేదు. మా వర్క్‌షాపుల్లో మొదటి స్లయిడేమో "త్వరగా ఫెయిల్ అవ్వండి". తోపుడుబండి విషయంలో ఫెయిల్ అయితే ఒక చక్రం ఊడుతుంది. రోగి విషయంలో?

అయినా పద్ధతి పనికిరాదని నేననను. మన ఊళ్లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టారు. సుమారు 50,000 జనాభాకు ఒకటి చొప్పున పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టుకుంటూ పోయారు. అక్కడ కూర్చునేది డాక్టరు కాదు, ఆ ప్రాంతం పిల్లలే. ఇంటర్ చదివినవాళ్లకు ఏడాది శిక్షణ ఇస్తారు. పల్లెలో చూపు మందగించిన వాళ్లలో చాలామందికి కావలసింది ఆపరేషన్ కాదు, కళ్లద్దాలు. దానికోసం హైదరాబాద్ బస్సెక్కించడమెందుకు? దాన్ని వాళ్లు డిజైన్ థింకింగ్ అనరు. నేనంటాను. కాకపోతే అది పట్టుకున్నది రెండు రోజులు కాదు, దశాబ్దాలు.

మూసీగట్టు | ఆదివారం, ఉదయం 6:20

నగర ఇంజినీరింగ్ విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను. నాలాలే (వాననీటి కాలువలు) నా జీవితం. పై పోస్టు చదివాక ఒకటి అడగాలనిపించింది. మంచి పని ఏది కనబడినా "అది కూడా మాదే" అనేస్తే ఇక వాదన దేనికి?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15,000 మంది పోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన ఏ గోడకూ కాగితాలు అంటించలేదు. ఎగువన ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి, ఎంత వాన పడితే ఎంత నీరు దిగుతుంది అని లెక్కగట్టారు. రెండు వందలకు పైగా చెరువులు తెగాయని తేలింది. ఊరికి ఎగువన జలాశయాలు కట్టమన్నారు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. నిజాం ఫర్మానా ఇచ్చాడు, ఖజానా డబ్బిచ్చింది, భూమి తీసుకున్నారు, కట్టారు. వందేళ్లు ఊరిని కాపాడుతున్నది అదే.

ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లలో, 84 ఊళ్లలో పెద్ద నిర్మాణాలు కూడదని 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఆ జీవో ఏ వర్క్‌షాప్‌లోనూ పుట్టలేదు, ఏ వర్క్‌షాప్‌లోనూ పోలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి వాన తర్వాత మా కాలనీకి కూడా కొందరు పిల్లలు వచ్చారు. మంచి పిల్లలే. "వరద వచ్చినప్పుడు మీకేమనిపించింది అంకుల్?" అని అడిగారు. నడుము లోతు నీళ్లలో నిలబడి ఫ్రిజ్‌ను మంచం మీదికి ఎత్తినవాడికి ఏమనిపిస్తుంది? వాళ్లు వరద అలర్ట్ యాప్ చేస్తామన్నారు. నీళ్లొస్తున్నాయని నాకు నీళ్లే చెబుతాయి నాయనా. నాలా అరవై అడుగులు ఉండాల్సిన చోట పదిహేను అడుగులుంది. దాని మీద నాలుగంతస్తుల ఇల్లుంది. ఆ ఇంటికి కోర్టు స్టే ఉంది. ఇందులో తెలియనిదేముంది? ఏ ఇల్లు అడ్డమో, ఏ కల్వర్టు చిన్నదో లిస్టు నా బీరువాలో ఇప్పటికీ ఉంది. మూడుసార్లు సర్వే చేశాం.

తెలియక కాదు ఆగింది. చేయలేక ఆగింది.

గోళీసోడా | ఆదివారం, ఉదయం 8:02

ఇప్పుడు ఆక్రమణలు కూల్చే హైడ్రా ఉంది కదా సార్, ఆ లిస్టు వాళ్లకి పంపండి 😀

మాడరేటర్ | ఆదివారం, ఉదయం 8:15

హైడ్రా మీద ఇప్పటికే రెండు థ్రెడ్లు నడుస్తున్నాయి, ఒకటి తన్నులాటతో మూసేశాం. ఇక్కడ వద్దు.

తెల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 2:30

నైట్ డ్యూటీ దిగి, పడుకుని లేచి చూశాను. నేను స్టాఫ్ నర్సుని. ఇరానీచాయ్ గారు వెళ్లింది మా ఆస్పత్రో కాదో తెలీదు, అడగను కూడా. ఎక్కడైనా కథ ఇంతే.

సార్, మీరు తొమ్మిదిన్నరకు వెళ్లారు. లైన్ మొదలయ్యేది ఆరింటికి. ఎందుకో చెబుతాను. షుగర్, బీపీ వాళ్లు నెలకోసారి వస్తారు. పరగడుపున రక్తం ఇవ్వాలి. ల్యాబ్‌లో సాంపిల్స్ తీసుకునేది పదిన్నర వరకే. ఆ తర్వాత ఇస్తే రిపోర్టు వచ్చేసరికి డాక్టరు లేచి వెళ్లిపోతారు. అంటే పదిన్నర లోపల చీటీ రాయించుకోవాలి, డాక్టరు దగ్గర టెస్టు రాయించుకోవాలి, ల్యాబ్‌కి పోవాలి. ఒక్క చోట ఆలస్యమైతే మళ్లీ రేపు. రేపంటే ఇంకో రోజు కూలీ పోయినట్టు, రానూపోనూ చార్జీ. తోడుగా కొడుకో కోడలో వచ్చి ఉంటే వాళ్ల కూలీ కూడా. అందుకే ఆరింటికొచ్చి చెప్పులు పెడతారు.

మీ కియోస్క్ పెట్టారనుకోండి. చెప్పులు పోయి టోకెన్లు వస్తాయి. పదిన్నర పదిన్నరే.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ చీటీ వచ్చే ఏర్పాటు 2022 నుంచి దేశమంతా నడుస్తోంది, ఆభా నంబరుతో (ప్రభుత్వం ఇచ్చే హెల్త్ ఐడీ). ఫోన్లున్న వాళ్లకు నిజంగానే బాగుంది, చెడ్డగా చెప్పను. మా దగ్గరికొచ్చే ముసలివాళ్లలో చాలామందికి ఫోన్ ఉండదు. ఉన్నా అది మనవడి జేబులో ఉంటుంది.

ల్యాబ్ మధ్యాహ్నం రెండింటి దాకా నడిస్తే సగం లైన్ ఉండదు. దానికి ఇంకో టెక్నీషియన్ కావాలి. ఆ పోస్టు ఖాళీ. అంతే. దీనికి ఎనిమిది నిమిషాల్లో ఎనిమిది ఐడియాలు అక్కర్లేదు, ఒక్క ఆర్డర్ చాలు.

మూసీగట్టు సార్ చెప్పింది నిజం. తెలియక కాదు.

ఇరానీచాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:10

మేడమ్, మేం ఆస్పత్రిలో ఉన్న రెండు గంటల్లో ఒక్క నర్సుతో కూడా మాట్లాడలేదు. పేషెంట్లే "యూజర్లు" అన్నారు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆసుబిడ్డ | ఆదివారం, రాత్రి 9:25

అందరూ పెద్ద పెద్దవి మాట్లాడుతున్నారు, మా ఇంటి సంగతి చెబుతాను. మాది పోచంపల్లి దగ్గర. మూడు తరాలుగా మగ్గమే. నేను మాత్రం ఉప్పల్‌లో ఉద్యోగం.

పట్టుచీరకు చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా దారానికి ముడులు కట్టే ముందు, ఆసు పోయాలి. నడుమ ఒక కొయ్య, ఎదురుగా అర్ధచంద్రంలా కొయ్యల వరుస. దారాన్ని అటు తిప్పి ఇటు తిప్పి పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడుతుంది. అది ఆడవాళ్ల పని. మా అమ్మ రోజుకు రెండు చీరలు పోసేది. రాత్రి అన్నం కలుపుకోవడానికి కుడి చెయ్యి లేచేది కాదు, ఎడమ చేత్తో తినేది. నాకు చిన్నప్పుడు మా అమ్మది ఎడమచేతి వాటమే అనుకునేవాడిని.

ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు కూడా తన తల్లి నొప్పి చూశాడు. బడి మధ్యలో మానేసిన మనిషి. 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం పూర్తి చేశాడు, తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి. గంటల పని గంటన్నరకొచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా ఇంటికి ఆ మిషన్ వచ్చిన రోజు అమ్మ దాని ముందు కుర్చీ వేసుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. దారం దానంతటదే తిరుగుతుంటే, చాలాసేపటికి "ఆగదా ఇది?" అంది.

కాబట్టి ఎవరైనా డిజైన్ పనికిరాదంటే నేనొప్పుకోను. పోస్టిట్ సార్, ఆ ఐదు మెట్లూ ఆయన ఎక్కాడు, ఏడేళ్లు పట్టింది.

ఇక రెండో సగం. అమ్మ భుజం నొప్పి పోయింది. చీర ధర? పట్టు నూలు ధర మా చేతిలో లేదు. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు, అయినా అదే డిజైన్ ప్రింటు కొట్టిన చీర బజార్లో వెయ్యికి దొరుకుతుంది. కొనేవాళ్లకు తేడా తెలీదు. తెలిసినా, చీర తిరగేసి చూసే ఓపిక ఎవరికుంది? (తిరగేసి చూడండి. రెండు వైపులా రంగు ఒకేలా ఉంటే నేసింది.) మా తమ్ముడు మగ్గం మీద కూర్చోడు. మిషన్ లేక కాదు.

నొప్పి ఒక మనిషి తీర్చగలిగాడు. ధర ఏ ఒక్కరూ తీర్చలేరు.

పటికబిందె | ఆదివారం, రాత్రి 11:10

ఆసుబిడ్డ గారి పోస్టు చదివాక నాది కూడా రాయాలనిపించింది. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఉంటాం. మా నాయనమ్మ నడుము వంగిపోయి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదం, మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు.

దీనికి ఒక మంచి డిజైన్ వచ్చింది, మీకు తెలుసా? మా జిల్లా పేరే పెట్టారు, "నల్గొండ టెక్నిక్" అని. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో కనిపెట్టింది. బిందెలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ వేసి బాగా కలిపి, తేరనిచ్చి, పైన నీళ్లు వాడుకోవాలి. కరెంటు వద్దు, మిషన్ వద్దు, చౌక. పుస్తకంలో చూస్తే ఇంతకంటే గొప్ప డిజైన్ ఉండదు.

మా అమ్మ కొన్నాళ్లు చేసింది. పటిక ఎంత వేయాలన్నది నీళ్లను బట్టి మారుతుంది. ఎక్కువైతే నీళ్లు వగరు. కలిపి గంట ఆగాలి, ఎండాకాలం మధ్యాహ్నం పొలం నుంచి వచ్చినవాళ్లు గంట ఆగుతారా? అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది, దాన్ని ఎక్కడ పోయాలి? అమ్మ గులాబీ చెట్టుకు పోసింది. చెట్టు చచ్చిపోయింది. "చెట్టును చంపింది మనల్ని బతికిస్తదా?" అని నాయనమ్మ ఆ బిందెను పక్కన పెట్టించింది.

చివరికి ఏం పనిచేసింది? పైపు. మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు వచ్చాయి. బోరు నీళ్లు తాగడం మానేశారు. వేల కోట్లు, పంపులు, ట్యాంకులు. మూసీగట్టు సార్ సంతోషపడతారు.

కానీ సార్, ఒక్క నిమిషం. పైపు వచ్చాక కూడా మా వదిన నల్లా నీళ్లు గిన్నెలు తోమడానికి, స్నానానికే వాడుతుంది. తాగడానికి ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ కొంటుంది. ఎందుకంటే "నల్లా నీళ్లు ఒకోరోజు వాసనొస్తయి, మా తాత కూడా గవర్నమెంటు బోరు నీళ్లే తాగిండు." ఆ రెండో ముక్కకు మీ లెక్కల్లో గడి ఉందా? నీళ్లు ఇంటి దాకా వచ్చాయి. గ్లాసులోకి రాలేదు.

మూసీగట్టు | సోమవారం, ఉదయం 5:55

పటికబిందె అమ్మా, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, మీ ఆఖరి ముక్క వల్ల.

గడి అన్నారు కదా, గడి గురించే చెబుతాను. నాలా వెడల్పు చేసేటప్పుడు అడ్డమొచ్చిన ఇళ్లవాళ్లకు వేరే చోట డబుల్ బెడ్రూం ఇల్లు ఇస్తామన్నాం. ఉచితం. ఒక ఆవిడ, నాలుగు రోడ్ల మూల మీద ఇడ్లీ బండి, ఒక్క రేకుల గది, ప్రతి వానకీ నీళ్లే. ఆవిడ వద్దంది. నాకు చచ్చే కోపం వచ్చింది. ఊరికే ఇల్లిస్తుంటే వద్దనేవాళ్లుంటారా అని. ఫైల్లో "అంగీకరించలేదు" అని రాశాం. ఫారంలో రెండే గడులు, అంగీకరించారు, అంగీకరించలేదు.

రిటైరయ్యాక ఒకరోజు ఆ మూల మీద టిఫిన్ తింటూ అడిగాను. కొత్త ఇల్లు ఊరవతల. తెల్లారి నాలుగింటికి పిండి గిన్నెలతో బండి దాకా రావాలంటే ఆ టైముకు బస్సు లేదు. బండి అక్కడే పెట్టుకోమంటే అక్కడ తినేవాళ్లు లేరు, అందరూ ఇలా వచ్చినవాళ్లే. "ఇల్లు తీసుకుంటే ఇంట్లో కూర్చోవాలి సార్" అంది.

ఆవిడకు కావలసింది ఇల్లు కాదు, ఆ మూలకు అరకిలోమీటరు లోపల ఒక గది. వెతికితే దొరికేదేమో. ఎవరూ వెతకలేదు, ఎందుకంటే ఫైల్లో "ఎందుకు" అనే గడి లేదు. ఆవిడలాంటి పద్నాలుగు ఇళ్ల కోసం ఆ నాలా పని నేను రిటైరయ్యేదాకా ఆగే ఉంది.

అయినా నా మాట మీద నేనుంటాను. ఈ సంగతి కనుక్కోవడానికి స్టిక్కీ నోట్లు అక్కర్లేదు. రెండు ఇడ్లీలు తింటే చాలు.

పోస్టిట్ | సోమవారం, ఉదయం 9:40

సార్, మీరు నన్ను ఓడించి నా పక్షాన్నే గెలిపించారు. ఆ రెండు ఇడ్లీలనే మేం "ఎంపతీ" అని పేరు పెట్టి లక్షల ఫీజు తీసుకుంటున్నాం.

కానీ ఇడ్లీ తినడం ఒక్కటే చాలదనడానికి ఒక కథ చెప్పి ఆపుతాను. దక్షిణాఫ్రికా వైపు ప్లేపంప్ అని ఒకటొచ్చింది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే బోరు నీళ్లు పైకి, ట్యాంకులోకి వెళ్తాయి. ఎంత ముద్దుగా ఉంది! 2006లో అమెరికా నుంచి కోట్ల డాలర్ల హామీలు. ఒక్కోటి 14,000 డాలర్ల దాకా. తర్వాత ఒక బ్రిటిష్ పత్రిక లెక్కవేసింది, వాళ్లు చెప్పినంత మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని. పిల్లలు బడికి పోయాక ఆ రాట్నం తిప్పింది ఆడవాళ్లే, నడుములు వంచి. చెడిపోతే బాగుచేసేవాడు దగ్గర్లో లేడు.

మన పల్లెల్లో బోరింగ్ చూడండి, అదే, ఇండియా మార్క్ టూ. 1970ల్లో యూనిసెఫ్ సాయంతో షోలాపూర్‌లో చేసిన పంపును చూసి మెరుగుపరిచింది. అందులో ముద్దు లేదు. పొడుగాటి ఇనుప పిడి, లోపల గొలుసు. ఎక్కడి వర్క్‌షాపులోనైనా ఒకే కొలతలతో చేయొచ్చు, ఊరి దగ్గర మెకానిక్ రిపేరు చేయొచ్చు. ఎవరు బాగుచేస్తారు, పార్టులు ఎక్కడ దొరుకుతాయి అన్నది మొదటి రోజే ఆలోచించారు. ప్లేపంప్ వాళ్లు పిల్లల మొహాలు చూశారు, వీళ్లు మెకానిక్ చేతులు చూశారు. (పటికబిందె గారూ, ఆ బోరింగే మీ నాయనమ్మకు ఫ్లోరైడ్ నీళ్లు కూడా పోసిందని నాకు తెలుసు. మొండి జాతి సమస్య అంటే అదే మరి. కలుషిత బావి నీటి నుంచి తప్పించారు, అడుగున ఇంకోటి కాచుకుని ఉంది.)

మా ఐదు మెట్లలో "ఎవరు నడుపుతారు" అనే మెట్టు లేదు. 2017లో నటాషా జెన్ అనే పేరున్న డిజైనర్ ఇంకో లోపం ఎత్తిచూపింది, ఈ మెట్లలో ఎక్కడా "ఇది చెత్తగా ఉంది" అని చెప్పే చోటే లేదని. మీ వర్క్‌షాప్‌లో ఎవరైనా అన్నారా, ఇరానీచాయ్ గారూ?

ఇరానీచాయ్ | సోమవారం, ఉదయం 10:15

లేదు. చెడు ఐడియా అంటూ ఉండదు అని గోడ మీదే రాసిపెట్టారు.

గోళీసోడా | సోమవారం, ఉదయం 10:17

మా మేనేజరు మా ముందు ఆ మాట ఒక్కసారి అనమనండి చూద్దాం.

తెల్లకోటు | మంగళవారం, రాత్రి 1:50

పేషెంట్లు పడుకున్నారు, ఐదు నిమిషాలు దొరికింది.

మొన్న పోస్టు ఖాళీ, ఆర్డర్ కావాలి అని రాశాను. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఆర్డర్ వచ్చేదాకా మేం ఖాళీగా కూర్చోలేదు. రెండేళ్ల క్రితం మా సిస్టరొకరు చిన్న పని చేశారు. షుగర్ పేషెంటు ఈ నెల వచ్చినప్పుడే వచ్చే నెల టెస్టు చీటీ కూడా రాయించి, దాని మీద తేదీ వేసి ఇచ్చేయడం. వచ్చే నెల ఆయన ఓపీ లైన్లో నిలబడక్కర్లేదు, నేరుగా ల్యాబ్‌కి పోయి రక్తమిచ్చి, టిఫిన్ తిని, అప్పుడు నిదానంగా చీటీ రాయించుకుంటాడు. రిపోర్టు, డాక్టరు ఒకే టైముకు దొరుకుతారు.

మొదట ల్యాబ్ వాళ్లు ఒప్పుకోలేదు, "ఈ రోజు ఓపీ నంబరు లేకుండా రిజిస్టర్లో ఎలా ఎక్కించాలి" అని. అది వాళ్ల తప్పు కాదు, ఆడిట్‌లో అడిగేది వాళ్లనే. పాత నంబరు పక్కన ఎర్ర ఇంకుతో "ఆర్" అని రాయొచ్చని ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించాం. ఆ సంతకానికి పట్టింది నాలుగు నెలలు. ఐడియాకు పట్టింది ఒక టీ తాగేంత సేపు.

ఇప్పుడు మా షుగర్ క్లినిక్ రోజు చెప్పులు తక్కువుంటాయి. పూర్తిగా పోలేదు. మిగతా రోజులు అలాగే ఉన్నాయి.

పైగా ఆ ఆర్ఎంఓ గారు బదిలీ అయ్యారు. కొత్తాయన ఆ కాగితం ఇంకా చూడలేదు. చూపించడానికి మాకూ భయంగానే ఉంది, వద్దంటారేమోనని.

ఆసుబిడ్డ | మంగళవారం, ఉదయం 7:30

మేడమ్, ఎర్ర ఇంకు "ఆర్"కి నా పద్మశ్రీ ఓటు.

మూసీగట్టు | మంగళవారం, ఉదయం 7:45

సిస్టరమ్మా, ఒక పాత ఉద్యోగి సలహా. ఆ కాగితాన్ని కొత్తాయనకు "అనుమతి ఇవ్వండి" అని చూపించకండి. "కొనసాగిస్తున్నాం, మీ సమాచారం కోసం" అని ఫైల్లో పెట్టి పంపండి. ఆపాలంటే ఆయనే ఒక లైను రాయాలి. రాయడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

పోస్టిట్ | మంగళవారం, ఉదయం 8:20

ఈ ఒక్క పోస్టు కోసం మా కాలేజీలో సిలబస్ మార్చొచ్చు.

ఇరానీచాయ్ | మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:55

ఏం జరిగిందో చెబుతానని అనుకున్నాను, ఆలస్యమైంది.

ఈ థ్రెడ్‌లో నేర్చుకున్నది మా సీఎస్సార్ మీటింగులో చెప్పాను. కియోస్క్ డబ్బుతో ఒక ల్యాబ్ టెక్నీషియన్‌కి ఏడాది జీతం ఇద్దామని. జీతాలకు ఇవ్వడం మా పాలసీలో లేదన్నారు. వస్తువులకే ఇస్తారట, దాని మీద కంపెనీ పేరు వేసే చోటు ఉండాలి. మనిషి మీద వేయలేం కదా, అన్నారు ఒకాయన. జోకనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

కియోస్క్ పెట్టారు. రిబ్బన్ కట్ చేశారు. ప్రారంభం అయ్యాక నేనొక్కడినే సెలవు పెట్టి, ఈసారి పొద్దున ఆరింటికి వెళ్లాను. కియోస్క్ ముందు చెప్పుల వరుస. తెర మీద నొక్కాలంటే జంకుతున్నారు. సెక్యూరిటీ గార్డు కుర్చీ పక్కనే వేసుకుని అందరికీ తనే నొక్కి ఇస్తున్నాడు. "పేరు చెప్పు పెద్దమ్మా, వయసెంత, ఏ డాక్టరు?" భలే ఓపిక మనిషికి. ఎనిమిదింటికి కాగితం రోల్ అయిపోయింది. అప్పుడు తెల్లకాగితం చింపి చేత్తో నంబర్లు రాసిచ్చాడు. లైన్ ఆగలేదు.

ఈసారి ల్యాబ్ దగ్గర నర్సులతోనూ మాట్లాడాను. తెల్లకోటు గారి ఎర్ర ఇంకు సంగతి చెప్పాను, ఊరు పేరు లేకుండా. ఒక సిస్టర్ రెండుసార్లు చెప్పించుకుని చేతి మీద పెన్నుతో రాసుకున్నారు. చేస్తారో లేదో తెలీదు. నేను మళ్లీ వచ్చే నెల వెళ్తున్నాను. మేడమ్, మా వర్క్‌షాప్‌లో మిగిలిన స్టిక్కీ నోట్లు రెండు పెట్టెలున్నాయి. ఆస్పత్రిలో ఏమైనా పనికొస్తాయా? పారేయబుద్ధి కావడం లేదు.

తెల్లకోటు | శనివారం, రాత్రి 2:15

సాంపిల్ బాటిళ్లకు వద్దు సార్, ఫ్రిజ్‌లో పెడితే ఊడిపోతాయి. టెస్టు చీటీ మీద తేదీ అంటించడానికి పనికొస్తాయి. పసుపువి పంపండి, మిగతా రంగుల మీద ఇంకు సరిగ్గా కనబడదు.

మూసీగట్టు సార్, ఫైల్ పంపాను. పదకొండు రోజులైంది. ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు.